కమ్యూనిటీ కాలేజీ బోర్డుకు పోటీ చేసే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాలిఫోర్నియా బే ఏరియాలో పదిహేనేళ్లుగా ఉంటున్నారు, మూడేళ్ల కిందట సిటిజన్‌షిప్ వచ్చింది, మీ అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అదే యూసీ, డేవిస్‌కు మారింది. మీ ఏరియాలో ఇప్పుడున్న ట్రస్టీ, అంటే బోర్డు మెంబరు, ఈసారి పోటీ చేయడం లేదని, తెలుగు సంఘంవాళ్లు మిమ్మల్ని నిలబడమంటున్నారని రాశారు. బోర్డు మెంబరుకు నిజంగా ఎంత అధికారం ఉంటుంది, ఇన్ని దేశాలవాళ్లు ఉన్నచోట అందరినీ ఎలా కలుపుకొని పోవాలి, మనవాళ్లకు ఏమైనా చేయగలనా అని మూడు విషయాలు అడిగారు.

నేను ఇలాంటి ఒక డిస్ట్రిక్ట్ (ఒకటి లేదా ఎక్కువ కమ్యూనిటీ కాలేజీలను నడిపే సంస్థ) బోర్డులో రెండు టర్మ్‌లు, అంటే ఎనిమిదేళ్లు పనిచేశాను. అంతకుముందు ఏలూరులో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. 1994లో ఇక్కడికి వచ్చాక నా ఎంకామ్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇలాంటి కాలేజీలోనే రాత్రి క్లాసుల్లో చేరి అకౌంటింగ్ మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను. అప్పట్లో యూనిట్‌కు, అంటే కోర్సును లెక్కగట్టే ఒక క్రెడిట్‌కు, ఫీజు 13 డాలర్లు. నా పక్క సీటులో కూర్చున్న వియత్నాం పెద్దాయన పగలంతా ఫ్యాక్టరీలో పనిచేసి, డబ్బాలో తెచ్చుకున్న అన్నం బ్రేక్‌లో తిని, మళ్లీ పుస్తకం తెరిచేవాడు. ఆ కాలేజీ లేకపోతే నాకు ఇక్కడ ఉద్యోగమే లేదు. అందుకే మీకు రెండు ముక్కల్లో జవాబు రాయలేకపోతున్నాను.

ముందు అధికారం సంగతి. కాలేజీ బోర్డు అనగానే మన కళ్ల ముందు కరస్పాండెంట్ మెదులుతాడు. నేను పనిచేసిన చోట ఆయన కారు గేటు దాటిందంటే స్టాఫ్‌రూమ్‌లో మాటలు ఆగిపోయేవి. లెక్చరర్‌ను వేసుకునేదీ తీసేసేదీ, ఫీజు తగ్గించేదీ, బిల్డింగ్‌కు కాంట్రాక్టర్‌ను మాట్లాడేదీ అన్నీ ఆయనే. ఇక్కడి ట్రస్టీ చేతిలో వాటిలో ఒక్కటీ ఉండదు. ఏడుగురు సభ్యులు ముందుగా ప్రకటించిన అజెండాతో, జనం ఎదుట కూర్చుని, కనీసం నలుగురి ఓటుతో తీర్మానం చేస్తేనే అది బోర్డు మాట. మీటింగ్ ముగిశాక కాలేజీ ఆవరణలో నడిచే ట్రస్టీ మామూలు మనిషే. బోర్డు కింద నేరుగా ఉండే ఉద్యోగి ఒక్కరే: ఒకటికి మించి కాలేజీలుంటే ఛాన్సలర్, ఒకటే కాలేజీ అయితే ప్రెసిడెంట్. ఆయన్ని లేదా ఆమెను ఎంచుకోవడం, పనితీరు చూడటం, బడ్జెట్‌కు ఆమోదం ఇవ్వడం, విధానాలు చేయడం. చూడటానికి కొంచెమే. సరిగ్గా చేస్తే మాత్రం కాలేజీ దిశ మొత్తం వీటిలోనే ఉంటుంది.

పాఠాల విషయంలో బోర్డు చేయి ఇంకా వెనక్కి ఉండాలి. 1988లో వచ్చిన ఏబీ 1725 అనే రాష్ట్ర చట్టం కాలేజీ నడిపే తీరును మార్చింది. కోర్సులు, గ్రేడింగ్, డిగ్రీ నియమాలు లాంటి పది విద్యా విషయాల్లో, వాటికి తోడు ఇద్దరూ ఒప్పుకున్న మరే విషయంలోనైనా, బోర్డు అధ్యాపకుల సెనేట్‌ను సంప్రదించి తీరాలి. కాలేజీలో దీన్ని 'టెన్ ప్లస్ వన్' అంటారు. మీరు గెలిచిన నెలలోపే ఎవరో ఒక తండ్రి ఫోన్ చేసి, మావాడికి కాల్‌క్యులస్‌లో అన్యాయంగా బి వేశారు, కాస్త చూడండి అంటారు. లెక్చరర్ ఇచ్చిన గ్రేడే తుది గ్రేడ్ అని ఎడ్యుకేషన్ కోడ్‌లో, అంటే రాష్ట్ర విద్యా చట్టాల్లో, స్పష్టంగా ఉంది. పొరపాటు, మోసం, దురుద్దేశం, అసమర్థత ఉన్నట్టు తేలితే తప్ప దాన్ని మార్చకూడదు. ఆ తండ్రికి ఫిర్యాదు పద్ధతి ఎక్కడుందో చూపించండి, అక్కడితో ఆగండి. ఆ లెక్చరర్‌కు మీరు ఒక్క ఈమెయిల్ పెట్టినా అది ఒత్తిడే అవుతుంది.

ఇక వాట్సాప్. మనవాళ్లందరికీ ఇది ముందే చెప్పాలి. 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం బోర్డులో మెజారిటీ సభ్యులు బోర్డు పని గురించి మీటింగ్ బయట మాట్లాడుకోకూడదు. ఒకేసారి కూర్చుని మాట్లాడటమే కాదు, ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడుతూ నలుగురి అభిప్రాయం కూడగట్టినా తప్పే. మొదటి ఏడాదిలో నాకు ఇది ఒంటబట్టలేదు. ఒక కాంట్రాక్ట్ గురించి ఇద్దరు సభ్యులతో విడివిడిగా ఫోన్‌లో మాట్లాడాను. ఆ ఇద్దరిలో ఒకరు మరో సభ్యుడితో మాట్లాడితే నలుగురం అయిపోయేవాళ్లం. మా లాయర్ పిలిచి చెప్పేదాకా ఎంత అంచున నిలబడ్డానో తెలియలేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2021 నుంచి సోషల్ మీడియాకు కూడా నియమం వచ్చింది: బోర్డు పరిధిలోని విషయం మీద తోటి ట్రస్టీ పెట్టిన పోస్టుకు మీరు జవాబు ఇవ్వకూడదు, చివరికి ఒక లైక్ గానీ బొమ్మ గానీ పెట్టకూడదు. అంతే ముఖ్యమైనది ఇంకొకటి. 2017లో శాన్ హోజే నగరం కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, సొంత ఫోన్‌లోని మెసేజ్ అయినా ప్రజల పని గురించి అయితే అది పబ్లిక్ రికార్డే అని చెప్పింది. సంఘం గ్రూపులో ఎవరో అడిగిన ప్రశ్నకు మీరు తెలుగులో రాసిన జవాబు కూడా రేపు ఎవరైనా అర్జీ పెట్టి అడగవచ్చు. నేను గెలిచిన వారంలోనే ఆరు గ్రూపుల నుంచి బయటికి వచ్చేశాను. కొందరు నొచ్చుకున్నారు. మీరు ముందే కారణం చెప్పి బయటికి రండి.

మీ రెండో ప్రశ్నకు వస్తాను, నాకు చెప్పాల్సింది ఎక్కువ ఉన్నదీ ఇక్కడే. ఫ్రీమాంట్‌లో అఫ్గాన్ కుటుంబాలు, శాన్ హోజేలో వియత్నాం, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, యూనియన్ సిటీలో ఫిలిప్పీన్స్‌వాళ్లు, పంజాబీలు, ఇక అన్నిచోట్లా మనం, చైనీయులు. 'అందరినీ ఒప్పించడం' అన్నారు మీరు. బోర్డు గదిలో కూర్చున్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఒప్పించాల్సినంతమంది అసలు ఆ గదిలోకే రారు. మీటింగ్ సాయంత్రం ఆరింటికో ఏడింటికో. మైకు అందరికీ తెరిచే ఉంటుంది, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. కానీ ఆ వేళకు రాగలిగేది ఎవరు? సంఘం ఉన్నవాళ్లు, ఇంగ్లీషులో నిలబడి మాట్లాడే ధైర్యం ఉన్నవాళ్లు, పిల్లలను చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు. మా దగ్గర ఈతకొలను మరమ్మతు మీద మాట్లాడటానికి నలభై మంది వచ్చారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అదే రాత్రి అజెండాలో ఇరవై మూడో అంశం గురించి మాట్లాడటానికి ఒక్కరూ లేరు.

ఆ అంశం ఏమిటంటే, క్యాంపస్‌కు దూరంగా ఒక పాత స్కూల్ బిల్డింగ్‌లో నడిచే రాత్రి ఇంగ్లీషు క్లాసులను ఆపేయడం. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లీషు నేర్పే నాన్‌క్రెడిట్ క్లాసులు, డిగ్రీ లెక్కలోకి రావు, ఫీజు లేదు. కారణం ఒక్క వాక్యంలో రాశారు: విద్యార్థుల సంఖ్య తగ్గుతోంది. మూడు వందల పేజీల కట్టలో అది ఏ మూలనో ఉంది. మధ్యాహ్నం చదివినప్పుడు నేనూ సరే అనుకున్నాను. కానీ ఆ బిల్డింగ్ ఉన్న వీధి పేరు చూసి ఏదో తోచింది. ఓటు వేయడానికి ముందు ఒక్కసారి చూసి వస్తానని ఛాన్సలర్‌కు చెప్పి, ఆయన అనుమతితో మర్నాడు రాత్రి వెళ్లాను. అంశాన్ని వచ్చే మీటింగ్‌కు వాయిదా వేయమని అప్పటికే అడిగి ఉన్నాను, మిగతావాళ్లు ఒప్పుకున్నారు.

క్లాసులో పదకొండు మంది. అఫ్గాన్ ఆడవాళ్లు ముగ్గురు, మెక్సికో నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు, నెయిల్ సెలూన్‌లో పనిచేసే ఒక వియత్నాం అమ్మాయి. వెనక వరుసలో మన నల్గొండ ఆవిడ ఒకరు, కొడుకు పిల్లలను చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. బస్సు డ్రైవర్ అడిగేది అర్థమైతే చాలమ్మా అన్నారు. ఎనిమిది ముప్పావు కాగానే సగం మంది లేచి బ్యాగులు సర్దుకున్నారు. క్లాసు తొమ్మిదింపావు దాకా ఉంది. ఎందుకు లేస్తున్నారని అడిగితే, ఆఖరి బస్సు తొమ్మిదికి ముందే వెళ్లిపోతుంది, కొన్ని నెలల కిందట టైమింగ్ మార్చారు అన్నారు. బస్సు మారినప్పటి నుంచే సంఖ్య తగ్గింది. ఇంతకుముందు ముప్పై మంది ఉండేవాళ్లమని ఆ టీచర్ చెప్పింది. ఆమె కూడా పార్ట్‌టైమ్. మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ ఆ సంగతి పైకి చెప్పే తీరిక ఆమెకు లేకపోయింది.

ఇక్కడ నా పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గమనించండి. క్లాసు టైమ్ మార్చమని టీచర్‌కు గానీ డీన్‌కు గానీ నేను చెప్పలేదు, చెప్పే హక్కు నాకు లేదు. తర్వాతి మీటింగ్‌లో అందరి ముందు ఒక ప్రశ్న అడిగాను: ఈ సంఖ్య ఏ నెల నుంచి తగ్గింది, ఆ నెలలో ఏం మారింది? ఛాన్సలర్ లెక్కలు తెప్పిస్తానన్నారు. తెప్పించారు. ఆపేయాలన్న ప్రతిపాదనను వాళ్లే వెనక్కి తీసుకున్నారు, క్లాసు అరగంట ముందే మొదలై ముందే ముగిసేలా మారింది. అంతే. పేపర్లో రాలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎనిమిదేళ్లలో నేను చేసిన పనుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

కాబట్టి మీరు గెలిస్తే నెలకు ఒక రాత్రి ఇందుకోసం పక్కన పెట్టండి. చెప్పి వెళ్లండి, చూసి రండి, అక్కడ ఎవరికీ ఏదీ ఆదేశించకండి, ప్రశ్నగా మార్చి బోర్డుకు తీసుకురండి. ప్రతి ఆమోదం ముందు మనసులో ఒక ప్రశ్న వేసుకోండి: దీనివల్ల దెబ్బ తినేవాళ్లలో ఈ గదికి రాలేనివాళ్లు ఎవరు? విద్యార్థుల తరఫున ఎన్నికైన స్టూడెంట్ ట్రస్టీ మీ పక్కనే కూర్చుంటారు. వాళ్ల ఓటు సలహాగానే లెక్క, కానీ వాళ్లకు తెలిసినంత మిగతా సభ్యులకు తెలియదు. పార్కింగ్ పర్మిట్, బస్ పాస్, తిండి సరుకుల గది, రాత్రి ఎనిమిది తర్వాత ఏ కౌంటర్ మూసి ఉంటుంది, ఇవన్నీ నేను స్టూడెంట్ ట్రస్టీల నోటే విన్నాను.

మైకు దగ్గరికి వచ్చినవాళ్ల విషయంలోనూ ఒక చిక్కుంది. అజెండాలో లేని విషయం ఎవరైనా మాట్లాడితే బోర్డు దాని మీద చర్చించకూడదు, క్లుప్తంగా ఒకటి రెండు మాటలు చెప్పవచ్చు. చట్టం అలా ఉంది. కానీ కన్నీళ్లతో మాట్లాడి కూర్చున్న మనిషికి ఎదురుగా ఏడుగురు బొమ్మల్లా ఉంటే అది తిరస్కారంలా తగులుతుంది. మనలాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లకు మరీను, పెద్దవాళ్లు పలకలేదంటే కోపంగా ఉన్నారనే కదా మనం అనుకుంటాం. అందుకని ప్రతి మీటింగ్ మొదట్లో ఈ నియమాన్ని మామూలు మాటల్లో వివరించమని మా ఛైర్‌ను అడిగాను. దాన్ని స్పానిష్, వియత్నామీస్, అఫ్గాన్‌వాళ్ల దరీ భాషల్లో ఒక కాగితం మీద గుమ్మం దగ్గర పెట్టించారు. కోపాలు కొంత తగ్గాయి.

అన్నీ తగ్గవు. 2023 చివరి నుంచి కొన్ని నెలలపాటు గాజా యుద్ధం మీద తీర్మానాలు చేయాలని కాలిఫోర్నియాలో ఎన్నో నగర కౌన్సిళ్లకు, కాలేజీ బోర్డులకు జనం వచ్చారు. మా దగ్గర ఒక మీటింగ్ అర్ధరాత్రి దాటింది. రెండు వైపులా చనిపోయిన బంధువుల ఫోటోలు పట్టుకుని నిలబడ్డారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కాలేజీ బోర్డు అలాంటి తీర్మానాలు చేయకూడదు. మన ఓటుతో అక్కడ ఒక్క తుపాకీ ఆగదు, ఇక్కడ మాత్రం ఒక వైపు విద్యార్థికి ఈ కాలేజీ నాది కాదన్న భావం మిగులుతుంది. అయితే తీర్మానం వద్దనగానే మన పని అయిపోదు. ఆ రాత్రి మాట్లాడినవాళ్ల మాటలు జాగ్రత్తగా రాసుకుంటే బోర్డు చేయగల పనులు వాటిలోనే ఉన్నాయి: రాత్రి పార్కింగ్ దాకా తోడు, కౌన్సెలింగ్ కోసం రెండు వారాలు ఆగాల్సి రావడం, ప్రార్థనకో ప్రశాంతతకో ఒక గది. ఆ మూడింటి మీద అడిగాం. రెండు జరిగాయి.

వేరువేరు జాతులవాళ్లు ఉన్న కాలేజీలో అధ్యాపకులు కూడా అలా ఉండాలని అందరూ అంటారు. 1996లో రాష్ట్ర ప్రజలే ఓటేసి ఆమోదించిన ప్రపొజిషన్ 209 చట్టం వల్ల ప్రభుత్వ ఉద్యోగాల్లో, చదువుల్లో జాతిని బట్టి, ఆడామగా తేడాను బట్టి ప్రాధాన్యం ఇవ్వకూడదు. ఫలానా వాళ్లను తీసుకోండి అని మీరు అననే కూడదు. ప్రకటన ఎక్కడెక్కడ వేస్తున్నారు, ఇంటర్వ్యూ కమిటీకి శిక్షణ ఇచ్చారా, పగలు పనిచేసి రాత్రి చదివే విద్యార్థులకు బోధించిన అనుభవానికి విలువ ఇస్తున్నారా అని అడగవచ్చు. దీనికి తోడు డబ్బుల దగ్గర ఒక ముడి ఉంది. ఖర్చులో కనీసం సగం క్లాసులో పాఠం చెప్పేవాళ్ల జీతాలకే పోవాలన్నది ఇక్కడి చట్టం, 'ఫిఫ్టీ పర్సెంట్ లా' అంటారు. కౌన్సెలర్లు, లైబ్రేరియన్లు ఆ సగంలోకి రారు. అంటే స్పానిష్ మాట్లాడే ఒక కౌన్సెలర్‌ను వేసుకుంటే విద్యార్థులకు మేలు, లెక్కకు కీడు. ఇది తెలియక నేను మొదట్లో మా ఫైనాన్స్ ఆఫీసర్ మీద విసుక్కున్నాను. అకౌంటింగ్ వచ్చినా కాలేజీ బడ్జెట్ చదవడానికి నాకు ఏడాది పట్టింది. మీరు జూలై 1 లోపు వచ్చే తాత్కాలిక బడ్జెట్‌ను, సెప్టెంబర్ 15 లోపు వచ్చే అసలు బడ్జెట్‌ను పక్కపక్కన పెట్టుకుని తేడాలు చూడండి. సంగతులన్నీ ఆ తేడాల్లోనే ఉంటాయి.

బాండుల గురించి కూడా ఒక మాట. ప్రపొజిషన్ 39 కింద 55 శాతం ఓట్లతో బిల్డింగ్ బాండు, అంటే ఆస్తి పన్నుతో తీర్చే అప్పు, పాసవుతుంది, పన్ను కోసం లెక్కగట్టిన ఇంటి విలువలో ప్రతి లక్ష డాలర్లకు ఏడాదికి 25 డాలర్లకు మించని పన్నుతో. పౌరుల పర్యవేక్షణ కమిటీ తప్పనిసరి. ఆ కమిటీలో సీట్లు ఖాళీగా ఉంటాయి, మీ సంఘంలో రిటైరైన ఇంజనీర్లు, ఆడిటర్లు ఉంటే వాళ్లను దరఖాస్తు చేయమనండి. మన అనుభవం అక్కడ నిజంగా పనికొస్తుంది.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. నేను గెలిచాక వచ్చిన మొదటి కోరిక, సంక్రాంతికి కాలేజీ ఆడిటోరియం ఉచితంగా ఇప్పించమని. రెండోది, ఒకరి భార్యకు పార్ట్‌టైమ్ లెక్చరర్ ఉద్యోగం. రెండూ కుదరవన్నాను. మేం ఇంటింటికీ తిరిగి గెలిపిస్తే ఈ చిన్న పని చేయలేవా అన్నారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది, ఎందుకంటే తిరిగిన మాట నిజమే. ఆడిటోరియానికి అందరికీ ఒకటే రేటు, ఒకటే దరఖాస్తు. ఆ కాగితం ఎలా నింపాలో కూర్చుని నేర్పాను. సన్మానాల విషయంలోనూ జాగ్రత్త. ఏడాదిలో ఒకే చోటి నుంచి 50 డాలర్లు, అంతకు మించి విలువైన బహుమతులు వస్తే చాలావరకు ఫామ్ 700లో, అంటే మన ఆర్థిక ప్రయోజనాలు వెల్లడించే పత్రంలో, చూపించాల్సి ఉంటుంది. శాలువా సరే, వెండి పళ్లెం వద్దని ముందే చెప్పండి. ఇంకొకటి, సిటిజన్ గానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవారు గానీ కానివాళ్లు ఎన్నికల విరాళం ఇవ్వడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఈ చిన్న ఎన్నికలకు కూడా అదే చట్టం. హెచ్-1బి మీద ఉన్న మన తమ్ముళ్లు ప్రేమతో వంద డాలర్లు పంపబోతారు. తీసుకోకండి. జీతం లేకుండా కరపత్రాలు పంచవచ్చు, అది చాలని చెప్పండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నన్ను బహిరంగంగా అడిగారు, మిమ్మల్నీ అడుగుతారు. మన సంఘాల వెనక కులం ఉందని ఇక్కడి వాళ్లకు తెలిసిపోయింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. 2023లో రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం కోసం ఎస్‌బీ 403 అనే బిల్లు రాష్ట్ర సభల్లో పాసైంది. ఇప్పుడున్న చట్టాలే చాలంటూ గవర్నర్ ఆ అక్టోబర్‌లో వీటో చేశారు. ఆ సమయంలో ఒక విద్యార్థి మైకు దగ్గర తెలుగు పేరున్న ట్రస్టీగా మీరేమంటారని నన్నే అడిగాడు. విషయం అజెండాలో లేదు కాబట్టి చర్చించలేకపోయాను. మీటింగ్ అయ్యాక కారిడార్‌లో ఆ అబ్బాయితో అరగంట మాట్లాడాను. ఏలూరు స్టాఫ్‌రూమ్‌లో ఎవరి టీ గ్లాసు వేరుగా ఉండేదో నా కళ్లతో చూశాను, అది ఇక్కడికి రాలేదని నేను అనలేను అని చెప్పాను. మన సంఘంలో కొందరు ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశారు. నేను దానికి బాధపడలేదు. మీరు నిలబడేముందు మీ వెనక ఎవరున్నారో, అందరూ ఒకే కులంవాళ్లు ఉన్నారేమో మీరే చూసుకోండి. ఉంటే ఆ గుంపును ముందు విశాలం చేయండి.

నిజంగా మన పిల్లలకు మీరు చేయగల మేలు వేరే ఉంది. కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్లు ముఖం తిప్పుకుంటారు, పెళ్లిళ్లలో పేరు చెప్పరు. యూసీలో ఆరు క్యాంపస్‌లు ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు ముందే హామీ ఇచ్చి సీటిస్తాయి, మీ అమ్మాయి వెళ్లిన డేవిస్ అందులో ఒకటి. రాష్ట్రంలో 73 డిస్ట్రిక్టుల్లో 116 కాలేజీలు, 20 లక్షలకు పైగా విద్యార్థులు. కాలిఫోర్నియావాళ్లకు యూనిట్ ఫీజు 2012 నుంచి 46 డాలర్లే. ఇది మీ ఇంటి కథతో చెబితే తెలుగు తల్లిదండ్రులు వింటారు. అదే సమయంలో వాళ్లతో ఇంకో నిజమూ మాట్లాడండి: హైస్కూల్ పిల్లల యూనివర్సిటీ అప్లికేషన్ మెరుగుపడాలని కమ్యూనిటీ కాలేజీలో మనం తీసుకునే రాత్రి కాల్‌క్యులస్ సీటు, పగలు పనిచేసి వచ్చే ఒక విద్యార్థికి అదే ఏడాది అవసరమైన సీటు కావచ్చు. రిజిస్ట్రేషన్ వరుసలో అలాంటి విద్యార్థి ముందుండాలని నేను ఓటేశాను. మన వీధిలోనే కోపం వచ్చింది. ఇప్పటికీ అదే ఓటు వేస్తాను.

బోర్డు సరిగా లేకపోతే ఏమవుతుందో కాంప్టన్ కాలేజీని చూస్తే తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్ పక్కన నల్లవాళ్లు, లాటినోలు ఎక్కువగా ఉండే ఊరు. డబ్బు, పాలన అదుపు తప్పడంతో 2004లో రాష్ట్రం బోర్డు అధికారాలు తీసుకుంది, 2006లో అక్రిడిటేషన్, అంటే కాలేజీ గుర్తింపు, పోయింది. పక్కనున్న ఎల్ కమీనో కాలేజీ కింద సెంటర్‌గా నడపాల్సి వచ్చింది. తిరిగి గుర్తింపు వచ్చింది 2017లో. ఆ పదకొండేళ్లలో ఆ ఊరి పిల్లల పట్టాల మీద సొంత కాలేజీ పేరు లేదు. బడ్జెట్ కట్ట చదవకుండా చేయెత్తాలనిపించినప్పుడల్లా నేను ఆ ఊరిని గుర్తుచేసుకునేదాన్ని.

సమయం విషయానికొస్తే నెలకు ఒకటి రెండు మీటింగులు, మీటింగ్‌కు 72 గంటల ముందు అజెండా, వారానికి ఎనిమిది పది గంటలు పెట్టుకోండి. భత్యం చిన్నది, దాని కోసం ఎవరూ రారు. మీ ఆఫీసులో ముందే చెప్పండి. మీ కంపెనీ కాలేజీకి ఏమైనా అమ్ముతుంటే ఆ సంగతి పోటీకి ముందే లాయర్‌తో మాట్లాడండి. కాంట్రాక్టుల్లో సొంత లాభం మీద ఇక్కడి చట్టం చాలా కఠినం, ఓటు వేయకుండా పక్కకు తప్పుకున్నా సరిపోని సందర్భాలున్నాయి.

చేయాల్సిన పనులు. ముందు ట్రస్టీ ఏరియా మ్యాప్ తీసి మీ ఇల్లు ఎక్కడ పడిందో చూడండి. ఊరంతా కలిపి ఓటేసే పద్ధతిలో చిన్న వర్గాలవాళ్లు ఎప్పటికీ గెలవలేకపోతున్నారని 2002లో చేసిన కాలిఫోర్నియా ఓటింగ్ హక్కుల చట్టం వల్ల చాలా డిస్ట్రిక్టులు ఏరియాలుగా విడిపోయాయి, గీతలు మీరనుకున్నట్టు ఉండకపోవచ్చు. నామినేషన్లు జూలై మధ్యలో మొదలై ఆగస్టు రెండో వారంలోపు ముగుస్తాయి. ఇప్పుడున్నవారు వేయకపోతే మిగతావాళ్లకు ఐదు రోజులు అదనంగా ఇస్తారు. ఓటర్ల పుస్తకంలో 200 పదాల ప్రకటనకు కౌంటీ వేలల్లో వసూలు చేయవచ్చు, ఆ ధర ముందే కనుక్కోండి. సాంటా క్లారా కౌంటీలో అయితే ఎన్నికల కాగితాలు స్పానిష్, చైనీస్, వియత్నామీస్, ఫిలిప్పీన్స్‌వాళ్ల టగాలాగ్‌లలో కూడా వస్తాయి. మీ కరపత్రం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ మాత్రమే ఉంటే మీ ఏరియాలో చాలా తలుపులు దాటిపోయినట్టే.

వాటికంటే ముందు వచ్చే మూడు బోర్డు మీటింగులకు వెళ్లి వెనక వరుసలో కూర్చోండి, చివరిదాకా. మూడో మీటింగ్ అయ్యాక కూడా పోటీ చేయాలనిపిస్తే ఇక్కడే రాయండి. బడ్జెట్ కట్ట ఎలా చదవాలో పేజీ పేజీ కూర్చుని చెబుతాను.